శరత్కాలపు కొండల ఫోటో యాత్ర: శిఖరం కంటే ముందు బస చూసుకోండి

శరత్కాలంలో ఎత్తైన కొండల ఫోటోలు తీయాలనుకున్న వాళ్లు చాలామంది ముందు శిఖరం పేరు ఎంచుకుంటారు. తర్వాత విమానం టికెట్లు, ఆ తర్వాత లెన్సుల ఆలోచన. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది చివరికెప్పుడో తేలుతుంది. నా లెక్కలో ఈ వరుస తలకిందులు కావాలి. కొండల ఫోటోకు అసలైన వెలుతురు పొద్దు పొడవడానికి అరగంట ముందు మొదలవుతుంది, పొడిచాక గంట తిరిగేసరికి చాలావరకు అయిపోతుంది. సాయంత్రం కూడా అంతే. ఆ వేళకు ట్రైపాడ్ వెనక నిలబడి ఉండాలంటే పడక దానికి దగ్గర్లో ఉండాలి. శిఖరం ఎంత గొప్పదైనా, బస నుంచి రెండు గంటలు ప్రయాణిస్తే తప్ప కనబడదంటే, మొదటి రోజు హుషారుగా లేస్తారు, రెండో రోజు ఎలాగో లేస్తారు, మూడో రోజు అలారం ఆపేసి పడుకుంటారు. మబ్బు విడిపోయేది సరిగ్గా ఆ మూడో రోజే.

అందుకే కింద చెప్పే చోట్లను నేను మూడు ప్రశ్నలతో పోలుస్తాను. బస నుంచి ఫోటో తీసే చోటికి చీకట్లో ఎంత దూరం? చెట్ల రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ ఎత్తుకు శరీరం అలవాటు పడటానికి ఎన్ని రోజులు పోతాయి? శిఖరం ఎంత ప్రసిద్ధమన్నది నాలుగో ప్రశ్న.

రంగు ఏ చెట్టుది

చలి పెరిగి పగలు తగ్గేకొద్దీ ఆకుల్లో పత్రహరితం విచ్ఛిన్నమై, అప్పటిదాకా మరుగున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. దాన్ని ఆకు ఆ సమయంలో కొత్తగా తయారుచేసుకుంటుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా వస్తుంది. అందుకే పసుపు చెట్ల ప్రాంతాలు ఏటా దాదాపు ఒకేలా ఉంటాయి, ఎరుపు చెట్ల ప్రాంతాల్లో ఏడాదికి ఏడాదికి తేడా ఎక్కువ.

ఎత్తైన కొండల్లో మీకు ఎదురయ్యే ప్రధానమైన చెట్లు కొన్నే. కెనడా రాకీస్‌లోనూ ఆల్ప్స్‌లోనూ లార్చ్. సూదుల్లాంటి ఆకులున్న చెట్టే అయినా శరత్కాలంలో బంగారు రంగుకు తిరిగి ఆకు రాలుస్తుంది. కొలరాడోలో ఆస్పెన్, లద్దాఖ్‌లో పాప్లర్, విల్లో. దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియాలో లెంగా అనే చెట్టు నారింజకు, ఎరుపుకు తిరుగుతుంది. వీటిలో ఆస్పెన్‌తో టెన్షన్ ఎక్కువ. రంగు పతాకస్థాయికి వచ్చాక ఒక్క గట్టి గాలి వీచిందంటే కొండవాలంతా మోడైపోతుంది. లార్చ్ కాస్త ఓర్చుకుంటుంది, కొత్త మంచు పడినా సూదులు వెంటనే రాలవు. బంగారు చెట్టు మీద తెల్లటి మంచు దొరికే అవకాశం ఉండటం వల్లే నేను లార్చ్ పక్షం.

లార్చ్ కోసం: డోలమైట్స్, కెనడా రాకీస్

రెండు చోట్లా లార్చే, కానీ రెండు వేర్వేరు యాత్రలు. కెనడాలో బాన్ఫ్ అనే ఊరి చుట్టుపక్కల రంగు సెప్టెంబర్ మూడు, నాలుగు వారాల్లో వచ్చి తొందరగా వెళ్లిపోతుంది. ఇటలీలోని డోలమైట్స్‌లో అక్టోబర్ మధ్య నుంచి చివరిదాకా ఉంటుంది. సెలవు ఎప్పుడు దొరుకుతుందన్న దాన్నిబట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

బస విషయంలో డోలమైట్స్‌కు సాటి లేదు. పాసో జావు 2,236 మీటర్ల ఎత్తులో ఉన్న కనుమ. తారు రోడ్డు అక్కడిదాకా వెళ్తుంది, కనుమ మీదే బస ఉంది. అది ఏ తేదీదాకా తెరిచి ఉంటుందో ముందే అడిగి తెలుసుకుంటే, తలుపు తీసి బయటికొచ్చి ఫోటో తీసుకోవచ్చు. ఫల్జారెగో కనుమ కూడా 2,105 మీటర్లు. కారులో తిరుగుతూ, మబ్బు ఎటు విడిపోతే అటు వెళ్లే సౌలభ్యం ఇంత ఎత్తులో మరెక్కడా ఇంత తేలిగ్గా దొరకదు. కొంచెం నడవగలిగితే లాగో ఫెదెరా అనే చిన్న చెరువు చుట్టూ లార్చ్‌లు వలయంలా నిలబడి ఉంటాయి, ఒడ్డునే కొండ బస ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఎత్తులో ఉండే కొండ బసలు చాలావరకు సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో మూసేస్తారు. రోప్‌వేలు కూడా అక్టోబర్‌లో ఒకటొకటిగా ఆగిపోతాయి. లార్చ్ పూర్తిగా బంగారమయ్యేసరికి పైన పడుకునే చోటు ఉండకపోవచ్చు. కాబట్టి ఇక్కడ బస ఎంచుకునేటప్పుడు రోడ్డు మీది కనుమలనే నమ్ముకోవాలి, నడక దారుల్లోని బసలను కాదు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. డోలమైట్స్‌లోని ట్రే చీమే అనే మూడు శిఖరాల ప్రసిద్ధమైన ఫోటోలు ఎక్కువగా ఉత్తరం వైపు నుంచి తీసినవి. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబర్ విషువత్తు దాటాక సూర్యుడు పడమరకు దక్షిణంగా అస్తమిస్తాడు, ఉత్తరం గోడల మీద నేరుగా ఎండ పడదు. వేసవి ఫోటోల్లో చూసిన ఎర్రటి సాయంత్రపు గోడ అక్టోబర్‌లో నీలినీడలో ఉంటుంది. అది చెడ్డ ఫోటో ఏమీ కాదు. కానీ ఎరుపే కావాలనుకుని వెళ్తే నిరాశపడతారు. ఏ చోటికైనా సూర్యుడి దిక్కు చూపించే యాప్‌లో మీరు వెళ్లే తేదీనే వేసి చూడండి, ఫోటోల మీద ఆధారపడకండి.

కెనడాలో శిఖరాలు, చెరువుల రంగు, అడవి, అన్నీ మరింత విశాలంగా ఉంటాయి. మొరైన్ లేక్ చుట్టూ ఉన్న పది శిఖరాల మీద పొద్దుటి వెలుతురు పడుతుంది, దాని పైన లార్చ్ వ్యాలీ, ఇంకా పైన 2,611 మీటర్ల సెంటినెల్ కనుమ. కానీ 2023 నుంచి మొరైన్ లేక్ రోడ్డు మీదికి సొంత వాహనాలను రానివ్వడం లేదు, షటిల్ బస్సులోనే వెళ్లాలి. తెల్లవారుజాము సీటు దొరకకపోతే, నా మొదటి ప్రశ్నకు అక్కడ జవాబు లేనట్టే. లార్చ్ వ్యాలీలో ఎలుగుబంట్లు తిరిగే రోజుల్లో నలుగురికి తగ్గకుండా కలిసి నడవాలన్న నిబంధన కూడా పెడుతుంటారు. ఒంటరిగా వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

రద్దీ వద్దనుకుంటే కననాస్కిస్ అనే ప్రాంతం వైపు చూడండి. హైవుడ్ కనుమ 2,206 మీటర్లు, కెనడాలో తారు రోడ్డున్న కనుమల్లో అన్నిటికంటే ఎత్తైనది. చీకట్లో సొంత కారులోనే వెళ్లొచ్చు. రోడ్డు పక్క నుంచి కొద్దిపాటి నడకలోనే లార్చ్‌లు మొదలవుతాయి. పూర్తిగా మునిగిపోవాలనుకుంటే మౌంట్ అసినిబోయిన్. 3,618 మీటర్ల శిఖరం ఎదురుగా చెరువు, ఒడ్డునే లాడ్జి, చిన్న గుడిసెలు, టెంట్లు వేసుకునే స్థలం. చేరడానికి పాతిక కిలోమీటర్లకు పైగా నడక, లేదా హెలికాప్టర్. అక్కడికి చేరాక మాత్రం పడక నుంచి ట్రైపాడ్‌కు కొన్ని నిమిషాలే. నా కొలమానంతో చూస్తే మొత్తం రాకీస్‌లో ఇదే మొదటి ఎంపిక, మొరైన్ లేక్ కాదు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకు డోలమైట్స్. నడక అలవాటున్నవాళ్లకు అసినిబోయిన్.

హిమాలయాల్లో: లద్దాఖ్, ఖుంబు

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లను చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకటి రంగు కోసం, ఇంకొకటి ఆకారం కోసం.

లద్దాఖ్‌లో కొండలకు చెట్లు లేవు. నీళ్లున్న చోటే చెట్టు. సింధు నది వెంట, చిన్న కాలువల వెంట, ఊళ్ల చుట్టూ పాప్లర్లు, విల్లోలు సన్నటి పసుపు చారలా సాగుతాయి. వాటి వెనక గోధుమరంగు కొండలు, పైన మంచు. సెప్టెంబర్ చివర మొదలై అక్టోబర్ మధ్యకు ఇది నిండుగా ఉంటుంది. లేహ్ 3,500 మీటర్లు. నుబ్రా లోయ అంతకంటే కిందికి ఉంటుంది కాబట్టి అక్కడ రంగు కొంచెం ఆలస్యంగా పండుతుంది. ఊరే రంగు మధ్యలో ఉంది గనుక, ఊళ్లో హోమ్‌స్టే తీసుకుంటే ఫోటో గుమ్మం దగ్గరే మొదలవుతుంది. షే, థిక్సే వైపు నదీతీరానికి వెళ్లడం కూడా పెద్ద పని కాదు.

శరత్కాలపు రంగు కోసమే వెళ్తుంటే పాంగాంగ్ చెరువును జాబితాలోంచి తీసేయమంటాను. 4,200 మీటర్లు దాటిన ఎత్తు, ఒడ్డున చెట్టన్నది దాదాపు లేదు, దారిలోనే ఒక రోజు పోతుంది. చెరువు నీలం వేసవిలోనైనా అదే నీలం. ఆ రోజులు నుబ్రాకు ఇవ్వండి. నక్షత్రాల మీద మోజుంటే మాత్రం లద్దాఖ్‌లోనే ఉన్న హాన్లే అనే ఊరు వేరే లెక్క. అక్కడి ఆకాశాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్టోబర్ మొదట్లో చంద్రుడు లేని రాత్రి, పొద్దుగూకిన కాసేపటికే పాలపుంత మధ్యభాగం నైరుతి వైపు కనబడి తొందరగా దిగిపోతుంది. అక్కడ రాత్రి చలికి తగ్గట్టు సిద్ధమై వెళ్లాలి. విదేశీయులకు నుబ్రా లాంటి సరిహద్దు ప్రాంతాలకు ప్రత్యేక అనుమతి తప్పనిసరి. డ్రోన్ ఆలోచన మానుకుంటే మంచిది.

నేపాల్‌లోని ఖుంబులో, అంటే ఎవరెస్ట్ వైపు, శరత్కాలమంటే ఆకుల రంగు కంటే వర్షాలు వెనుదిరిగాక కడిగినట్టుండే గాలి. టెంగ్‌బోచె అనే ఊరి చుట్టూ భూర్జ (బర్చ్) చెట్లు పసుపుకు తిరుగుతాయి, నేలబారు బార్బెర్రీ పొదలు ఎర్రబడతాయి. 4,000 మీటర్లు దాటాక చెట్లుండవు, రాయి, మంచు, హిమానీనదాలే. అమా దబ్లమ్ (6,812 మీటర్లు) లాంటి శిఖరం ఎదురుగా నిలబడితే రంగు లేదన్న బెంగ నాకైతే ఉండదు. అది ఎవరి అభిరుచి వాళ్లది.

ఇక్కడ అన్నీ నడకే. కానీ బసలన్నీ శిఖరాల కిందనే ఉంటాయి గనుక నా మొదటి ప్రశ్నకు ఖుంబు చక్కటి జవాబు ఇస్తుంది. ఒక మెలిక ఉంది. ఎవరెస్ట్ ఎదురుగా ఉన్న కాలా పత్థర్ అనే కొండ మీదికి తెల్లవారుజామున ఎక్కే అలవాటు చాలామందిది. అక్కడి నుంచి చూస్తే సూర్యుడు ఎవరెస్ట్ వెనక నుంచి వస్తాడు, శిఖరం నల్లటి ఆకారంలా మిగులుతుంది. ఎవరెస్ట్ మీద బంగారు వెలుతురు కావాలంటే సాయంత్రం ఎక్కాలి, దిగేటప్పుడు హెడ్‌ల్యాంప్ వెలుగులో దిగాలి. మధ్యాహ్నం లోయల నుంచి మబ్బు లేచే రోజుల్లో ఈ పందెం ఓడిపోవచ్చు కూడా. 5,357 మీటర్ల గోక్యో రి కొండ మీద కూడా సాయంత్రానికే నా ఓటు. రద్దీ కొంత తక్కువ, కింద చెరువులు అదనం.

రెండు వారాలు చేతిలో ఉండి, బరువు మోసుకుని నడవగలిగితే ఖుంబు. ఖుంబుకు చేర్చే లుక్లా విమానాలు వాతావరణాన్నిబట్టి ఆగిపోతుంటాయి, చివర్లో రెండు రోజులు ఖాళీగా వదలండి. అంత సమయం లేకపోతే లద్దాఖ్.

రోడ్డు పక్కన బంగారం: కొలరాడో

నడవడం ఇష్టం లేని ఫోటోగ్రాఫర్‌కు శాన్ వాన్ కొండలు వరం. యూరే (Ouray), సిల్వర్టన్ అనే ఊళ్లను కలిపే 550వ నంబరు రహదారి 3,358 మీటర్ల రెడ్ మౌంటెన్ కనుమ మీదుగా పోతుంది. ఆస్పెన్ తోపులు, ఎర్రటి కొండలు రోడ్డు మీద నుంచే కనబడతాయి. డాలస్ డివైడ్ దగ్గర స్నెఫెల్స్ పర్వతశ్రేణి కింద ఆస్పెన్‌లు పరుచుకున్న దృశ్యానికి నడక అన్నదే అక్కర్లేదు. సెప్టెంబర్ చివరి వారం, అక్టోబర్ మొదటి వారం. ఆస్పెన్‌లు వేళ్ల నుంచే కొత్త మొక్కలుగా పుట్టుకొస్తాయి కాబట్టి ఒక తోపంతా ఒకే చెట్టు సంతానం కావచ్చు, ఒకేసారి ఒకే రంగుకు తిరుగుతుంది. పక్క తోపు ఇంకా పచ్చగానే ఉంటుంది. దీనివల్ల ఒక్క వాలు మీదే పచ్చ, పసుపు, నారింజ పొరలు దొరుకుతాయి. ఇంకా ఉత్తరాన మెరూన్ బెల్స్ అనే జంట శిఖరాలున్నాయి, ప్రసిద్ధమే, కానీ ముందుగా రిజర్వేషన్ లేకుండా పోనివ్వరు, వాటి ముందున్న చెరువు ఒడ్డున ట్రైపాడ్‌ల వరుస ఉంటుంది. నేనైతే ఆ పొద్దు శాన్ వాన్‌లోనే గడుపుతాను.

జపాన్‌లోని కరసావా గురించి ఒక మాట. 2,300 మీటర్ల ఎత్తులో హొటాకా శిఖరాల ఒడిలో ఉన్న గిన్నెలాంటి లోయ, సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో రోవన్ చెట్లు ఎర్రగా మండుతుంటాయి. తెల్లవారగానే శిఖరాలన్నీ ఎరుపెక్కుతాయి, బస అక్కడే. కమికోచి నుంచి ఆరు గంటలు నడవాలి, జనం విపరీతం. ఒక రాత్రికి మాత్రం పనికొస్తుంది.

ఏప్రిల్‌లో శరత్తు: పటగోనియా

దక్షిణార్ధగోళంలో కాలాలు తిరగబడి ఉంటాయి కాబట్టి ఇక్కడ రంగు ఏప్రిల్‌లో వస్తుంది. అర్జెంటీనాలోని ఎల్ చాల్టెన్ ఊరి నుంచే ఫిట్జ్ రాయ్ (3,405 మీటర్లు) కనబడుతుంది. శిఖరం తూర్పుకు తిరిగి ఉంది గనుక పొద్దుటి ఎరుపంతా దాని మీదే. లగునా దె లోస్ ట్రెస్ చెరువుకు దాదాపు పది కిలోమీటర్లు, చివరి భాగం నిట్టనిలువు. తెల్లవారేసరికి అక్కడ ఉండాలంటే ఊళ్లో పొద్దు పొడవడానికి చాలా గంటల ముందే లేవాలి, లేదా దారిలోని పొయిన్సెనాట్ క్యాంపులో టెంట్ వేసుకోవాలి. దారిలోని లగునా కాప్రి అనే చెరువు దగ్గరైతే నడక బాగా తగ్గుతుంది, రంగు చుట్టూ ఉంటుంది.

ఎత్తు సమస్య లేదు. కానీ గాలి, మబ్బు రోజుల తరబడి కదలకుండా ఉండొచ్చు. ఒకే ఊళ్లో వారానికి పైగా ఓపిగ్గా కూర్చోలేనివాళ్లు, రోజుకో చోటు మారాలనుకునేవాళ్లు దీన్ని ఎంచుకోకూడదు.

వెలుతురు కోణం

పోలికల్లో దీన్ని దాదాపు ఎవరూ చెప్పరు, కానీ రోజులో ఎన్ని గంటలు ఫోటోలు తీయగలరన్నది దీని మీదే ఆధారపడుతుంది. అక్టోబర్ మూడో వారంలో డోలమైట్స్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 33 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏప్రిల్ మధ్యలో ఫిట్జ్ రాయ్ దగ్గరా దాదాపు అంతే. సెప్టెంబర్ చివర బాన్ఫ్‌లో సుమారు 37 డిగ్రీలు. లద్దాఖ్‌లో, కొలరాడోలో 50 డిగ్రీల దరిదాపుల్లో. అంటే మొదటి రెండు చోట్లా పగలంతా వెలుతురు ఏటవాలుగా పడి కొండ మడతలు కనబడుతూనే ఉంటాయి. లద్దాఖ్‌లో పొద్దున పది దాటాక ఎండ చదునుగా, కఠినంగా మారుతుంది, మధ్యాహ్నం మూడు దాకా విశ్రాంతే మేలు. ఎత్తైన చోట విశ్రాంతి ఎలాగూ కావాలి కదా.

ఎత్తు విషయానికొస్తే, 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని వైద్యుల సూచన. లేహ్‌కు విమానంలో దిగితే ఒక్కసారిగా 3,500 మీటర్లలో పడతారు. మొదటి రెండు రోజులు కెమెరా బ్యాగు కూడా మోయకండి. పొద్దున్నే నీళ్లు తాగకుండా వాలు ఎక్కి, కదలకుండా గంటసేపు చలిలో నిలబడటం ఫోటోగ్రాఫర్ల ప్రత్యేకమైన పొరపాటు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోయినా, మాట తడబడినా, నడక తూలినా, విశ్రాంతిలోనూ ఊపిరి ఆడకపోయినా వెంటనే కిందికి దిగాలి. మందుల సంగతి బయలుదేరే ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. డోలమైట్స్‌లో ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. శాన్ వాన్ కనుమల్లో మొదటి రోజు కాస్త ఆయాసం సహజం.

లెన్సుల గురించి పెద్దగా చెప్పను. ఒక్కటే తీసుకెళ్లగలిగితే లద్దాఖ్‌కు, కొలరాడోకు 70-200 మి.మీ. (దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపేది), ఎందుకంటే అక్కడ ఫోటో అంతా దూరపు చారల్లో, పొరల్లో ఉంటుంది. చెరువు ఒడ్డు ఫోటోలకు, ఫెదెరా, అసినిబోయిన్ లాంటి చోట్లకు వైడ్ లెన్సు (విశాలమైన దృశ్యాన్ని పట్టేది). ఎత్తులో ఆకాశం ముందే ముదురు నీలం, పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పూర్తిగా తిప్పితే వైడ్ లెన్సులో ఒక మూల నల్లబడిపోతుంది. దాన్ని ఆకుల మీది మెరుపు తీసేయడానికి సగమే తిప్పండి. బ్యాటరీలు చొక్కా లోపల పెట్టుకోండి. చలిలో నుంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు కెమెరాను బ్యాగులోంచి వెంటనే తీయకండి, తేమ పడుతుంది.

తేదీ తప్పితే

ఏ చోటు ఎంచుకున్నా రంగు వారం అటూ ఇటూ కావడం ఖాయం. దీనికి విరుగుడు ఎత్తులోనే ఉంది. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు పడిపోతుంది, కాబట్టి రంగు పై నుంచి కిందికి దిగుతూ వస్తుంది. ముందుగా వెళ్లిపోయారంటే పైకి ఎక్కాలి, ఆలస్యమైతే కిందికి దిగాలి. ఈ వెసులుబాటు ఉండేలా బసను రెండు ఎత్తుల్లో తీసుకోండి. లద్దాఖ్‌లో సగం రోజులు లేహ్, సగం నుబ్రా. డోలమైట్స్‌లో సగం పాసో జావు, సగం 1,200 మీటర్ల ఎత్తులో ఉన్న కోర్టీనా ఊరు. కొలరాడోలో సిల్వర్టన్, యూరే రెండూ. రద్దు చేసుకునే వీలున్న బసలనే బుక్ చేసి, బయలుదేరే వారం ముందు కనుమల మీద పెట్టిన వెబ్‌క్యామ్‌లు రోజూ చూస్తూ ఉంటే, ఏ సగాన్ని పెంచాలో ఏది తగ్గించాలో అప్పటికి తెలిసిపోతుంది. పటగోనియాలో, అసినిబోయిన్‌లో ఈ పని కుదరదు. అక్కడ తేదీ ముందే గట్టిగా ఖాయం చేసుకుని, ఒకటి రెండు రోజులు అదనంగా కలుపుకోవాలి.